టూర్ క్యాన్సిల్ అయింది, సెలవులు మిగిలాయి: హైదరాబాద్ దగ్గర్లో ఏది ఎంచుకోవాలి?

సూట్‌కేసు సగం సర్దాక టూర్ ఆగిపోతే ఆ బాధ చిన్నదేం కాదు. నెలల ముందు టికెట్లు తీసుకుని ఉంటాం. ఆఫీసులో సెలవు కోసం బతిమాలి ఉంటాం. పిల్లలకు మంచు చూపిస్తామనో సముద్రం చూపిస్తామనో మాటిచ్చి ఉంటాం. ఫ్లైట్ రద్దయిందనో, అక్కడ వరదలనో, ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోలేదనో ఒక్క ఫోన్‌తో అంతా ఆగిపోతుంది. అందరూ "పోనీలే" అంటారు గానీ ఎవరి ముఖంలోనూ కళ ఉండదు.

సెలవు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని రద్దు చేసుకుని మర్నాడే ఆఫీసుకు వెళ్లిపోయేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. ఒక రోజు నుంచి నాలుగు రోజుల దాకా చేతిలో ఉండి, హైదరాబాద్‌లోనో దాని చుట్టుపక్కలో ఉండేవాళ్లు ఎక్కడికి వెళ్లొచ్చు, ఏది ఎవరికి నప్పుతుంది, ఎవరు దేని జోలికి వెళ్లకూడదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. అన్నిటినీ సమానంగా మెచ్చుకోలేదు. నాకు నచ్చనిదాన్ని నచ్చలేదనే రాశాను.

ముందు డబ్బు సంగతి తేల్చేయండి

రిఫండ్ టెన్షన్ బుర్రలో పెట్టుకుని ఎక్కడికి వెళ్లినా వెళ్లినట్టు ఉండదు. రైల్వేనే రైలును రద్దు చేస్తే ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్ డబ్బు దానంతట అదే ఖాతాలోకి వస్తుంది. మనమే రద్దు చేసుకుంటే మాత్రం బండి బయల్దేరే సమయం దగ్గరయ్యేకొద్దీ కోత పెరుగుతుంది. కాబట్టి రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఎయిర్‌లైన్ తనంతట తాను ఫ్లైట్ రద్దు చేస్తే డబ్బు వెనక్కి తీసుకోవాలా, వేరే ఫ్లైట్‌లో వెళ్లాలా అన్నది మీరే తేల్చుకోవచ్చు. ఫోన్‌లో ఎవరో తొందరపెట్టారని వోచర్‌కు ఒప్పుకోకండి. హోటల్‌వాళ్లు డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నా, తేదీ మార్చమని మీరు అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. ఈ పనులన్నీ ఇంట్లో ఒక్కరే ఒక పూట కూర్చుని చేసేయాలి. ఆ తర్వాత మూడు రోజులు ఆ మాట ఎవరూ ఎత్తకూడదు.

ఏం చూసి ఎంచుకోవాలి?

దూరం, ఖర్చు, రోజులు అందరూ చూసుకునేవే. వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి: "ఆ టూర్‌లో నువ్వు దేనికోసం ఎదురుచూశావు?"

జవాబులు విన్నాక ఆశ్చర్యమేస్తుంది. మనాలి అనో మున్నార్ అనో ఊరి పేరు చెప్పేవాళ్లు తక్కువ. ఇంటాయన ఫోన్ మోగకుండా నిద్రపోవడం గురించి చెబుతాడు. ఇంటావిడ నాలుగు రోజులు వంటింట్లోకి వెళ్లక్కర్లేదని సంబరపడి ఉంటుంది. చిన్నవాడికి రైల్లో పై బెర్త్ ఎక్కాలని ఉంటుంది. నానమ్మకు అందరూ ఒక్కచోట కూర్చుని తింటే చాలు. ఇందులో చాలావరకు ఇంటికి వంద కిలోమీటర్ల లోపే దొరుకుతుంది. అయితే ఎవరికి ఏది కావాలో తెలియకుండా బండి తీస్తే మాత్రం దొరకదు. రైలెక్కాలని ఉన్న పిల్లవాణ్ణి కారులో రిసార్టుకు తీసుకెళ్తే వాడి ముఖం వాడిపోయే ఉంటుంది.

ఆ తర్వాత చూసుకోవాల్సినవి నాలుగు. మీతో వచ్చేవాళ్లలో మోకాళ్ల నొప్పులవాళ్లు, చంటిపిల్లలు ఉన్నారా? మీకు దొరికింది వారంలో ఏ రోజు? (శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, కుతుబ్‌షాహీ సమాధులు, చౌమహల్లా ప్యాలెస్ మూసి ఉంటాయి. సోమవారం జూ పార్కు ఉండదు.) ఎండాకాలమా, వానాకాలమా? నాలుగోది, చాలామంది మరిచిపోయేది: ఆ రోజుల్లో వంట ఎవరు చేస్తారు? దీనికి జవాబు తేలకుండా ఏ ప్లానూ ఖాయం చేయకండి.

ఒక్క చూపులో

| ఎంపిక | హైదరాబాద్ నుంచి | సమయం | ఎవరికి నప్పుతుంది | ఎవరికి కష్టం | మంచి కాలం |
|---|---|---|---|---|---|
| నగరంలోనే: గోల్కొండ, సమాధులు, సాలార్‌జంగ్ | ఊళ్లోనే | ఒకటి రెండు రోజులు | చంటిపిల్లలున్నవాళ్లు, ఖర్చు తగ్గించుకునేవాళ్లు | ఇంటి నుంచి దూరంగా ఉండాలనుకునేవాళ్లు | మ్యూజియం ఎప్పుడైనా, కోట చలికాలంలో |
| పోచంపల్లి, భువనగిరి | సుమారు 50 కి.మీ. | ఒక రోజు | బడి పిల్లలు, చేతిపనులంటే ఇష్టమున్నవాళ్లు | గుట్ట ఎక్కలేనివాళ్లు (పోచంపల్లి వరకు ఫర్వాలేదు) | అక్టోబర్ నుంచి ఫిబ్రవరి |
| వరంగల్, రామప్ప | వరంగల్ సుమారు 150, రామప్ప 200 కి.మీ. పైన | రెండు రోజులు | దూరం వెళ్లామన్న తృప్తి కావాలనేవాళ్లు | ఒక్క రోజే సెలవున్నవాళ్లు | వానలు తగ్గాక |
| నాగార్జునసాగర్ | సుమారు 150 కి.మీ. | ఒకటి రెండు రోజులు | నీళ్లు చూడాలనుకునేవాళ్లు | ఎండకు తట్టుకోలేనివాళ్లు | ఆగస్టు నుంచి డిసెంబర్ |
| అనంతగిరి, రిసార్టులు | సుమారు 80 కి.మీ. | ఒక రాత్రి | వంట మానేయాలనుకునేవాళ్లు | జనం పడనివాళ్లు | వానాకాలం, వారం మధ్యలో |
| సొంతూరు | ఎవరిది వారిది | మూడు నాలుగు రోజులు | నానమ్మ తాతయ్యలు ఉన్న పిల్లలు | అత్తారింట్లో పని మీద పడే కోడళ్లు | పండ్ల కాలం |
| ఇంట్లోనే | సున్నా | ఎన్ని రోజులైనా | బాగా అలసిపోయినవాళ్లు | పిల్లల శక్తికి తగ్గ చోటు లేనివాళ్లు | ఎప్పుడైనా |

నగరంలోనే ఉండిపోతే

హైదరాబాద్‌లో పదేళ్లుగా ఉంటూ గోల్కొండ పైదాకా ఎక్కనివాళ్లు బోలెడంతమంది. చుట్టాలు వచ్చినప్పుడు కింద నుంచి చూపించి బిర్యానీకి తీసుకెళ్లడమే సరిపోతుంది. టూర్ రద్దయిన రోజే దానికి సరైన రోజు.

గేటు తెరవగానే వెళ్లండి. ప్రవేశ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఆ చప్పుడు కొండ మీద బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుందని అందరికీ తెలుసు. మీరు మాత్రం ఇలా చేసి చూడండి: ఇంట్లో సగం మంది కింద ఉండండి, సగం మంది పైకి వెళ్లండి. పైవాళ్లు అక్కడికి చేరామని ఫోన్ చేశాక కిందివాళ్లు మూడుసార్లు కొట్టాలి. ఫోన్ పెట్టేశాక గాల్లోంచి సన్నగా వచ్చే ఆ చప్పుడు వినగానే పిల్లల కళ్లు ఎంత పెద్దవవుతాయో చూడాలి. దండు వస్తోందని పైకి చెప్పడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఎక్కే దారిలోనే రామదాసు బందీఖానా ఉంది. పైకప్పులోని కంత నుంచి పడే వెలుతురులో గోడ మీద చెక్కిన దేవుడి బొమ్మలు కనిపిస్తాయి. భద్రాచలం గుడి కట్టించి తానీషా ఖైదులో పన్నెండేళ్లు మగ్గిన కంచర్ల గోపన్న కథ అక్కడ నిలబడి చెబితే పిల్లలకు ఎప్పటికీ గుర్తుంటుంది. పైదాకా సుమారు 360 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను పైకి లాక్కెళ్లకండి.

వాళ్లకోసం దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. నేల చదును, చెట్ల నీడ, కూర్చోవడానికి కావలసినంత చోటు. ఆగాఖాన్ ట్రస్ట్ చేతుల మీదుగా ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాక ఆ ప్రాంగణం కళకళలాడుతోంది. అందులోని బడీ బావిలి మెట్లబావి 2013 వానలకు కొంత కూలిపోయింది. రాయి రాయి పేర్చి మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల మరమ్మతుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఇంకో మాట: ఆ వంశపు చివరి రాజు తానీషా సమాధి అక్కడ లేదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి కోటను పట్టుకున్నాక ఆయన్ను దౌలతాబాద్‌లో ఖైదు చేశారు. అక్కడే చనిపోయాడు. కోటా, సమాధులూ ఒకే రోజు చూస్తేనే ఈ కథ మొదలూ చివరా కలుస్తాయి. అందుకే రెంటినీ విడదీయవద్దంటాను.

ఎండ మరీ ఎక్కువగా ఉంటే సాలార్‌జంగ్‌కు వెళ్లండి. మొత్తం చూడాలని మాత్రం పంతం పట్టవద్దు. పిల్లలతో అయితే మూడే చాలు. ఒకటి గడియారం. గంట కొట్టే వేళకు చిన్న బొమ్మ మనిషి లోపలినుంచి వచ్చి గంట మోగిస్తాడు. మధ్యాహ్నం పన్నెండుకు పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడు జనం ఎక్కువ. పదకొండున్నరకల్లా బెంచీ మీద చోటు చూసుకోండి. రెండోది ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా. పాలరాతిలోంచే పల్చని ముసుగు కనిపించేలా 1876లో చెక్కాడు. మూడోది కొయ్యతో చేసిన జంట బొమ్మ. ముందునుంచి చూస్తే ఫౌస్ట్ అనే జర్మన్ కథలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో అదే కథలోని అమ్మాయి, తలవంచుకున్న మార్గరెటా. అద్దంలో వేరే మనిషి ఎందుకున్నాడో పిల్లలే తిరిగి తిరిగి కనిపెట్టనివ్వండి, ముందే చెప్పేయకండి.

నగరంలో ఉండటంలో లాభం ఖర్చు తక్కువ కావడం. పిల్లలు పేచీ పెడితే అరగంటలో ఇంట్లో ఉండొచ్చు. లోటేమిటంటే రాత్రికి ఇంటికి వచ్చేసరికి సింకులో గిన్నెలు అలాగే ఉంటాయి. ఇంటావిడకు కావాల్సింది వంటింటి నుంచి విశ్రాంతి అయితే ఈ ఎంపిక ఆమెకు ఏమీ ఇవ్వదు. దానికీ ఒక దారుంది. మన ఊళ్లోనే ఒక రాత్రికి హోటల్ గది తీసుకోండి. ఐటీ ఆఫీసులున్న వైపు హోటళ్లలో శని, ఆదివారాలు కంపెనీ గెస్టులు తగ్గుతారు కాబట్టి అద్దె తగ్గిస్తారేమో అడగొచ్చు. సొంతూళ్లో హోటల్ ఏమిటని పెద్దవాళ్లు ముందు గొణుగుతారు. పొద్దున బఫేలో పిల్లలు నాలుగు రకాల దోశెలు తెచ్చుకుంటుంటే తనకు ఎవరో కాఫీ తెచ్చిస్తే ఇల్లాలికి కలిగే సంతోషం నిజమైనది. ఆ డబ్బు వృథా కాదు.

పోచంపల్లి, భువనగిరి: ఒక్క రోజే ఉంటే నా ఓటు దీనికే

పొద్దున ఏడింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకల్లా భూదాన్ పోచంపల్లిలో ఉంటారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఈ ఊరిని చేర్చింది. అయితే అక్కడికి వెళ్లాల్సింది మగ్గం చూడటానికి.

నేరుగా చీరల షాపులోకి వెళ్లకండి. ముందు ఒక నేత ఇంట్లో అడిగి, వాళ్లకు వీలైన వేళ చూడండి. మనకు మామూలుగా తెలిసిన పద్ధతిలో బట్ట నేశాక దాని మీద అద్దకం వేస్తారు. ఇక్కడి ఇక్కత్ నేతలో అలా కాదు. దారాన్నే డిజైన్ ప్రకారం అక్కడక్కడ గట్టిగా కట్టేసి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు విప్పి, కట్టి, ముంచాలి. తర్వాత మగ్గం మీద పడుగూ పేకా కలిసేచోట ఆ రంగులు ఒకదానికొకటి సరిగ్గా వచ్చి పడితేనే చిలకో, ఏనుగో, గళ్లో తేలతాయి. ఒక్క దారం జరిగినా అంచు మసకబారుతుంది. ఇక్కత్ డిజైన్లలో అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయే, ఆ చెదురు దగ్గర చెయ్యి పెట్టి చూడమనండి పిల్లల్ని. అచ్చువేసిన నకిలీ బట్టలో అది దొరకదు. పైగా అసలు ఇక్కత్‌లో రంగు బట్టకు రెండువైపులా ఒకేలా ఉంటుంది.

ఆసు పోయడం కూడా చూపించమని అడగండి. అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం ముందు కూర్చుని, ఒక చివరి నుంచి దారాన్ని మేకు చుట్టూ తిప్పి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అలా పోయి రావాలి. తరతరాలుగా ఆ పని ఆడవాళ్లే చేశారు, భుజాలు అరిగిపోయేలా చేశారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి పడే నొప్పి చూడలేక ఏళ్లు కష్టపడి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి తెలిశాక ఎవరికీ చీర ధర దగ్గర గట్టిగా బేరమాడబుద్ధి కాదు. టూర్‌కు పెట్టాల్సిన డబ్బులో కొంత ఆ ఇంట్లోనే ఖర్చుపెడితే మీకూ మంచి చీర, వాళ్లకూ మధ్యలో ఎవరూ లేని ఆదాయం. చీర కొనలేకపోతే దుప్పటో, తువ్వాలో కొనండి.

భువనగిరి గుట్ట అక్కడి నుంచి దగ్గరే. ఒకే రాయి, దాని మీద కోట. కల్యాణి చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. నీడ అస్సలు ఉండదు. చలికాలంలో మధ్యాహ్నం మూడు తర్వాత ఎక్కండి. మే నెలలో అయితే ఆ ఆలోచనే వద్దు. పదమూడేళ్ల వయసులో 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఈ రాతి మీదే ఎక్కడం నేర్చుకుంది. బడి పిల్లలకు ఆ ఒక్క మాట చెబితే చాలు, మీరు వెనకపడతారు.

పెద్దవాళ్లు గుట్ట ఎక్కలేకపోతే ఆ సమయంలో వాళ్లను యాదగిరిగుట్టకు తీసుకెళ్లొచ్చు. 2022లో నల్లరాతితో పునర్నిర్మించి తెరిచాక గుడి చాలా మారింది. కానీ శని, ఆదివారాల్లో దర్శనానికి గంటలు పడుతుంది. మొక్కు ఉంటే వేరే రోజు దానికోసమే వెళ్లండి. ఒకే రోజులో మూడూ కుక్కితే ఏదీ మనసుకు ఎక్కదు.

వరంగల్, రామప్ప: రెండు రోజులుంటే

"మేమూ వెళ్లొచ్చాం" అని చెప్పుకునే తృప్తి కావాలనుకుంటే ఇదే. రైలు కావాలన్న పిల్లవాడికీ ఇదే. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రోజంతా బళ్లున్నాయి. పై బెర్త్ దొరకకపోయినా కిటికీ సీటు దొరుకుతుంది. దిగి కారు మాట్లాడుకుంటే సరి.

మొదటిరోజు వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట. గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకేచోట గర్భగుళ్లు. కోటలో పాత గుడి ఆనవాళ్ల చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన రాతి తోరణాల దగ్గరికి సాయంత్రం వెళ్లండి. మనకు బొమ్మల్లో, గుర్తుల్లో చిన్నగా కనిపించే ఆ తోరణం కింద నిలబడితే తల ఎంత పైకెత్తాలో అప్పుడు తెలుస్తుంది.

రెండోరోజు రామప్ప. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పునాదిలో ఇసుక నింపి, పైన విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని గైడ్లు చెబుతారు. అదంతా వినాల్సిందే. కానీ మీ సమయంలో ఎక్కువ భాగం చూరు కింద నిలబడిన నల్లరాతి మదనికలకు, అంటే నాట్య భంగిమల్లో ఉన్న ఆడవాళ్ల శిల్పాలకు ఇవ్వండి. ఒకామె పాదాలకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాతిలో ఆ చెప్పులు చూసి ఆడపిల్లలు నవ్వుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు, ఆ తర్వాత మెల్లగా మిగతా బొమ్మలూ చూడటం మొదలుపెడతారు. నందిని కూడా తీరిగ్గా చూడండి. చెవులు రిక్కించి, పిలిస్తే లేచేలా ఉంటుంది. నటరాజ రామకృష్ణ గారు మరుగునపడ్డ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఈ గుడి శిల్పాలను ఆధారం చేసుకున్నారు. డాన్స్ నేర్చుకునే పిల్లలుంటే ఈ గుడిని వదలొద్దు.

లోటు చెప్పాలంటే ప్రయాణమే. హన్మకొండ నుంచి రామప్పకు మళ్లీ అరవై, డెబ్భై కిలోమీటర్లు. ఒక్క రోజులో పోయి రావడం కుదురుతుంది గానీ చూసిన గంట కంటే కూర్చున్న గంటలే ఎక్కువవుతాయి. చంటిపిల్లలతో అలా చేయకండి. మూడోరోజు కూడా ఉంటే లక్నవరం చెరువు, దాని మీది వేలాడే వంతెన కలుపుకోండి.

సాగర్, అనంతగిరి: ఇవి కాలాన్ని బట్టి

నాగార్జునసాగర్ విషయంలో ఒకటే సూత్రం: ఎగువన శ్రీశైలం నుంచి వరద వచ్చి గేట్లు ఎత్తారన్న వార్త చూశారా, ఆ వారమే వెళ్లండి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రాతి డ్యామ్ మీదుగా 26 గేట్ల నుంచి కృష్ణమ్మ దూకుతుంటే సముద్రం చూడలేదన్న బెంగ పిల్లలకు చాలావరకు తీరుతుంది. గేట్లు మూసి ఉన్న నడివేసవిలో వెళ్తే ఎండా, రాయీ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. నాగార్జునకొండ ద్వీపానికి లాంచీ నీటిమట్టాన్ని, గాలిని బట్టి నడుస్తుంది. బయల్దేరేముందే ఫోన్ చేసి కనుక్కోండి. లాంచీ లేకపోతే 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం ఉంది, ఎత్తిపోతల జలపాతం ఉంది.

వికారాబాద్ అనంతగిరి వానాకాలంలో పచ్చగా ఉంటుంది. మూసీ నది పుట్టేది ఇక్కడే. మంగళవారమో బుధవారమో వెళ్తే అడవి, పక్షులు, అనంతపద్మనాభస్వామి గుడి, ప్రశాంతత. ఆదివారం వెళ్తే కార్లు, హారన్లు, ప్లాస్టిక్ సీసాలు. చుట్టూ ఉన్న రిసార్టుల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక రాత్రి అద్దెకు చాలాచోట్ల ఒక స్విమ్మింగ్ పూల్, బఫే, పెద్ద శబ్దంతో పాటలు వస్తాయి. పిల్లలు పూల్ కోసమే ఎదురుచూసి ఉంటే, వంట మానేయడమే ముఖ్యమైతే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. నిద్ర, నిశ్శబ్దం కావాలన్నవాళ్లు మాత్రం బుక్ చేసేముందు ఆ రోజు పెళ్లిగానీ కంపెనీ పార్టీగానీ ఉందేమో తప్పకుండా అడగండి.

సొంతూరు

అన్నిటికంటే చవక, అన్నిటికంటే తిండి బాగుండేది ఇదే. ఏప్రిల్, మేలలో తాటిముంజలు, మామిడికాయలు. దసరా దాటాక సీతాఫలాలు. సంక్రాంతి ముందు రేగుపళ్లు. ఏ కాలంలో సెలవు దొరికినా ఊళ్లో ఒకటి పండుతూనే ఉంటుంది. ఆవకాయ పెట్టే రోజుల్లో వెళ్తే పిల్లలు కారం కలిపేచోట కూర్చుని వేడి అన్నంలో మొదటి ముద్ద తింటారు. నానమ్మకు మీ టూర్ రద్దు కావడం వరమే. ఆ మాట ఆవిడ పైకి అనదు.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఊరెళ్తే ఇంటాయనకు సెలవు, పిల్లలకు సెలవు. కోడలికి ఎనిమిది మందికి వంట. ఆమె ఎదురుచూసింది విశ్రాంతి కోసమైతే సొంతూరు ఆమెకు శిక్షే అవుతుంది. ఊరే ఖాయమైతే ఏ పూట ఎవరు వండాలో బయల్దేరేముందే మాట్లాడుకోండి. ఊళ్లో వంటకు మనిషి దొరికితే ఆ మూడు రోజులకు పెట్టుకోండి. ఖర్చు టూర్ డబ్బుల్లోంచే. లేదా ఈసారి ఆమె పుట్టింటికి వెళ్లండి.

ఇంట్లోనే

బాగా అలసిపోయినవాళ్లకు ఇదే మందు. అయితే ఇంట్లో సెలవు తనంతట తాను సెలవులా ఉండదు. ఆధార్ అప్‌డేట్, వాషింగ్ మెషిన్ రిపేరు, బ్యాంకు పని ఒక్కొక్కటీ వచ్చి కూర్చుంటాయి. సాయంత్రానికి "ఏం చేశాం?" అన్న దిగులు మిగులుతుంది. కాబట్టి టూర్‌కు వెళ్లుంటే ఈ పనులు ఎలాగూ ఆగేవి, ఇప్పుడూ ఆగుతాయి అని ముందే అనుకోవాలి. ఆఫీసు మెయిల్‌కు ఊళ్లో లేనప్పుడు పెట్టే జవాబే పెట్టండి. రోజుకు ఒక్కటంటే ఒక్క కార్యక్రమం చాలు. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారుకు వెళ్లి, ఒక్కొక్కరికి వందో రెండొందలో ఇచ్చి, నచ్చింది కొనుక్కోమనండి. సాయంత్రం డాబా మీద చాపలు వేసి అక్కడే అన్నం, అక్కడే పడక. అపార్ట్‌మెంట్‌లో డాబా తాళం వేసి ఉంటే వాచ్‌మన్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

ఇంకా తేలకపోతే

చంటిపిల్లలుంటే నగరం, అందులోనూ సమాధులూ మ్యూజియం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలుంటే పోచంపల్లి, భువనగిరి. అమ్మానాన్నలతో వెళ్తుంటే వరంగల్, హన్మకొండలో బస చేసి, రామప్పకు కారులో. పెళ్లయిన కొత్తల్లో ఉన్నవాళ్లకు వారం మధ్యలో అనంతగిరి. అమెరికా నుంచి సెలవులకు వచ్చి, ఇక్కడ వేసుకున్న కేరళ ప్లాన్ పోగొట్టుకున్న కుటుంబాలకు రామప్ప, పోచంపల్లి రెండూ చెబుతాను. ఆ పిల్లలకు తెలుగు నేల మీద పుట్టిన గొప్ప పనితనం కళ్లతో చూసే అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుందో.

ఒంటరిగా ఉండేవాళ్లు స్నేహితుల కోసం ఆగకండి. వరంగల్ రైలెక్కేయండి. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

వీటిలో ఏదీ సరిపోని సందర్భం ఒకటుంది. రద్దయింది కాశీ మొక్కో, పెద్దాయన ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న తమ్ముడి ఇల్లో అయితే దానికి బదులు దగ్గర్లో దొరకదు, వెతకవద్దు కూడా. ఈ సెలవులను ఇంట్లో తేలికగా గడిపి, వచ్చిన రిఫండ్‌ను వేరే ఖాతాలో పక్కన పెట్టండి. కొత్త తేదీ ఈ వారంలోనే ఖాయం చేసి, ఆ తేదీ పెద్దాయనకు చెప్పండి.